తుడవని బోర్డు

జూలై 15, గురువారం

ట్యూషన్ పిల్లలు వెళ్లగానే వైట్‌బోర్డును గుడ్డతో శుభ్రంగా తుడవడం నా అలవాటు. రాత్రంతా వదిలేస్తే రంగు పట్టేసి, మరుసటి రోజు రాసిన లెక్కలు సరిగా కనబడవు.

ఈ రోజు కూడా పిల్లలు వెళ్లాక అత్తతో ఆమె పేరు రాయించాను. వచ్చే సోమవారం పొదుపు సంఘం మీటింగులో వేలిముద్ర వేయనని, సంతకమే పెడతానని అందరి ముందూ అనేసి వచ్చింది. 'ఓబుళమ్మ' అని నేను రాసి చూపిస్తే కింద బాగానే రాస్తుంది. తెల్లారితే మళ్లీ మొదటికొస్తుంది. వయసు వల్లే అనుకున్నాను.

రాయడం అవగానే గుడ్డ తీశాను. ఆమెకు కోపం వచ్చింది.

"ఏమ్మా, నా పేరంటే నీకు అంత పగనా? రాసిన గడియకే తుడిచేస్తాండావు. నేను యాడ చూసి నేర్చుకోవల్ల?"

"మరక పడతాది అత్తా."

"పడనీ. ఆ బోర్డేమన్నా పెండ్లికూతురా, మొగం మీద మచ్చ ఉండకూడదనేకి?"

నవ్వొచ్చింది. గుడ్డ పక్కన పెట్టేశాను. పిల్లలకు ఇంటికెళ్తే నోటుబుక్కు ఉంటుంది. ఆమెకు ఈ బోర్డు ఒక్కటే. నేను దాన్నే రోజూ తుడిచేస్తున్నాను.

తర్వాత వంటింట్లో నుంచి చూశాను. చెరిగిపోతుందని బోర్డును తాకకుండా, గాలిలో వేలితో తన పేరు దిద్దుకుంటోంది. 'ళ' దగ్గర వేలు ఆగిపోయింది. కాసేపటికి దానంతటదే కదిలింది.

సోమవారానికి సంతకం వస్తుందో, రాదో.

గుడ్డ ఉతికి ఆరేశాను. రేపటి లెక్కలకు ఆ పేరు కింద ఉన్న చోటు చాలు.