గాలి కొంటే నీళ్ళొచ్చాయి

పుంగనూరు,
మే 4, 1998.

మదనపల్లె కొండగంగ మెషినరీ స్టోర్స్‌లో ఉత్తరాలు చూసే గోవిందస్వామి గారికి, పుంగనూరు పంచర్ షాపు నారాయణమ్మ నమస్కారం చేసి రాయడమేమంటే,

ఇక్కడ మేమంతా క్షేమం. మీరు అమ్మిన మిషను మీదే మాకు అనుమానం.

టమోటా మండీకి ఎదురుగా ఉన్న పంచర్ షాపు మాదే. మా ఆయన దామోదర్ టమోటా లారీ తోలుకుని మద్రాసు పోతే నాలుగు రోజులకు గానీ తిరిగి రాడు. అందుకని షాపు నేనే చూసుకుంటాను. టైరు విప్పడం, ట్యూబు అతికించడం నాకు బాగా వచ్చు. సరిగా రానిది కరెంటు ఒక్కటే. ఆ బాధ పడలేక, పోయిన నెల మా ఆయన మీ దగ్గర పెట్రోలు ఇంజన్ కంప్రెసర్ కొనుక్కొచ్చాడు. తాడు లాగితే చాలు, కరెంటు లేకపోయినా గాలి వస్తుందని చెప్పారట. గాలి వచ్చింది, కాదనను.

నిన్న షాపు ఊడుస్తూ గాలి తొట్టి అడుగున ఉన్న చిన్న కొళాయి తిప్పి చూశాను. బెల్లం పానకం రంగులో రెండు గ్లాసుల నీళ్ళు కారాయి. మేము అందులో చుక్క నీళ్ళు పోసి ఎరుగం. మా అత్త చిన్నక్క అది చూసి, "ఎవురింట్లోనో నీళ్ళు పట్టుకున్న తొట్టికి రంగేసి అమ్మినారు" అని తేల్చేసింది. కొత్త తొట్టి పంపించండి. మేము కొన్నది గాలికి, నీళ్ళకు కాదు.

ఇట్లు,
నారాయణమ్మ

మరొక మాట: ఆ నీళ్ళు డబ్బాలో ఉన్న కరివేపాకు మొక్కకు పోశాను. అది బాగానే ఉంది. కాబట్టి విషం కలిపారని మాత్రం మేము అనడం లేదు.


మదనపల్లె,
మే 8.

నారాయణమ్మ గారికి, గోవిందస్వామి నమస్కారాలు.

మీ జాబు మా ఓనరు గారికి కూడా చదివి వినిపించాను. తొట్టి కొత్తదే అమ్మా. ఆ నీళ్ళు మేము పోసినవి కావు, మీరు పోసినవీ కావు. సంగటి కుండ మీద మూత తీస్తే లోపలి వైపు చెమ్మ పట్టి ఉంటుంది చూశారా, ఇదీ అంతే. గాలిలో తేమ ఉంటుంది. ఆ గాలిని తొట్టిలో కుక్కి కుక్కి నింపితే తేమంతా నీరై అడుగున చేరుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే తొట్టి లోపల తుప్పు పట్టి, పలుచబడి, ఏదో ఒక రోజు పగులుతుంది. కాబట్టి రోజూ పని అయ్యాక ఆ కొళాయి తిప్పి నీళ్ళు వదిలేయండి.

రాసే పని ఎలాగూ పడింది గనుక మిగతావి కూడా రాస్తున్నాను. ఇంజన్ ఆయిలు, పంపు ఆయిలు రోజూ చూడండి. పెట్రోలు ఎప్పుడూ ఇంజన్ ఆపి, చల్లారాకనే పోయండి. ఆ చుట్టుపక్కల ఎవరినీ బీడీ ముట్టించనివ్వకండి. ఇంజన్ పొగ ప్రాణం తీస్తుంది, షాపు లోపల పెట్టి నడపకండి. మిషనుకు బాగా గాలి తగలాలి. తొట్టి మీద రింగు ఉన్న చిన్న ఇత్తడి బిళ్ళ సేఫ్టీ వాల్వు. దాన్ని మాత్రం కడు జాగ్రత్తగా కాపాడుకోండి.

ఇట్లు,
గోవిందస్వామి

తా.క.: గాలి ఒత్తిడి చూపే మీటరులో ఎర్ర గీత గురించి ముఖ్యంగా రాయాలి. కానీ ఇన్‌లాండ్ కవరులో చోటు అయిపో


పుంగనూరు,
మే 15.

గోవిందస్వామి అన్నకు, చెల్లెలు నారాయణమ్మ నమస్కారాలు.

సంగటి కుండ మాటతో విషయం బాగా అర్థమైంది. మిమ్మల్ని అనుమానించినందుకు ఏమీ అనుకోవద్దు. మీరు రాసినవన్నీ తు.చ. తప్పకుండా చేస్తున్నాం. ఆయిలు చూడమన్నారు కదా, రోజూ పొద్దున్నే మూత తీసి చూస్తున్నాను. చూసి ఏం చేయాలో మీరు రాయలేదు కాబట్టి మళ్ళీ మూత పెట్టేస్తున్నాను. మిషను షాపు బయట రేకుల నీడలోకి మార్చాం. పక్కనే ఉన్న టీ అంగడాయన బీడీ పట్టుకుని ఇటు వైపు చూడడమే మానేశాడు.

ఇంక మిషనుకు గాలి తగలాలన్నారు. ఫ్యాను పెడదామంటే కరెంటు ఉండదు. అందుకని మా అత్త పక్కనే పీట వేసుకుని కూర్చుని విసనకర్రతో విసురుతోంది. వచ్చిన లారీ డ్రైవర్లు, "ఏమవ్వా, మిషనుకు జొరమా?" అని అడిగి పోతున్నారు.

ఇట్లు,
నారాయణమ్మ

మరొక మాట: మీరు కాపాడమన్న ఇత్తడి బిళ్ళ ఊరికే బుస్సుమని గాలంతా వదిలేస్తుంటే, అది పాడైపోతుందేమోనని అత్త బైండింగు వైరుతో గట్టిగా బిగించి కట్టింది. ఇప్పుడు నోరు మూసుకుని ఉంది. ఎర్ర గీత గురించి మీరు శ్రమపడి రాయనక్కరలేదు. మూడు రోజులుగా సూది దాన్ని దాటి అవతలే తిరుగుతోంది. ఎరుపు శుభమని అత్త అంటోంది.


తంతి
మదనపల్లె, మే 18, ఉదయం

నారాయణమ్మ, పంచర్ షాపు, టమోటా మండీ ఎదురుగా, పుంగనూరు.
ఇంజన్ ఆపు. దగ్గరికి పోవద్దు. వైరు తీయాలి. వస్తున్నా. గోవిందస్వామి.


పుంగనూరు,
మే 22.

దేవుడిలాంటి గోవిందస్వామి అన్నకు, నారాయణమ్మ, చిన్నక్క కలిసి చేసుకునే నమస్కారాలు.

మొన్న మీరు ఎక్కువ మాట్లాడకుండా వెళ్ళిపోయారు. మేము మాట్లాడనివ్వలేదు అనడమే నిజం. అందుకే జరిగినదంతా ఇందులో రాస్తున్నాను.

తంతి వచ్చేసరికి మద్రాసు పోవలసిన టమోటా లారీ వెనక టైరు విప్పి పెట్టుకుని ఉన్నాం. లారీ నిండా పండ్లు, పైన మే నెల ఎండ. మధ్యాహ్నం దాటితే కింది పెట్టెల్లో పండ్లన్నీ రసమైపోతాయని డ్రైవరు ఏడుపు ముఖం పెట్టాడు. అయినా ఇంజన్ ఆపేశాం. వైరు తీయాలన్నారు, మిషను దగ్గరికేమో పోవద్దన్నారు. అంటే తీయాల్సింది మిషను వైరు కాదని తేలిపోయింది. షాపులో ఇంకో వైరు కరెంటుది ఒక్కటే. ఫ్యూజు పీకి, ఉన్న వైరంతా లాగి, చుట్ట చుట్టి గోనెసంచిలో పెట్టాను. దాంతో టీ అంగడి బల్బు కూడా ఆరిపోయింది. ఆయన ఏదో గొణుక్కుంటూ సైకిలెక్కి వెళ్ళాడు.

పన్నెండు గంటలకు మీరు ఖాకీ చొక్కా వేసుకుని, సంచిలో కటింగ్ ప్లేయరు పెట్టుకుని వచ్చారు. వస్తూనే వైరు తీసింది ఎవరని కోపంగా అడిగారు. నేనే అన్నా, మీరు చెప్పినట్టే చేశానంటూ చెయ్యి పట్టుకున్నంత పని చేసి మిషను దగ్గరికి తీసుకుపోయాను. ఆ ఇత్తడి బిళ్ళ చూడగానే మీ ముఖంలో నెత్తురు చుక్క లేదు. గొంతు పెంచకుండా, "అమ్మా, అందురూ రోడ్డు అవతలికి పోండి. ఒక్కరు గూడా ఈడ ఉండద్దు" అన్నారు.

మీరు నేల మీద పడుకుని, చెయ్యి మాత్రం చాపి, అడుగు కొళాయి కొంచెం కొంచెంగా తిప్పుతుంటే మేమంతా అవతల నిలబడి చూశాం. మండీలో హమాలీలు కూడా పని ఆపి చూశారు. అప్పుడు తెలిసింది నాకు, అన్నాళ్ళూ అత్త దేని పక్కన కూర్చుని విసిరిందో. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అది చల్లగా ఉంది.

సూది సున్నాకు వచ్చాక గానీ మీరు వైరు కత్తిరించలేదు. తొట్టి నిండాక గాలిని ఆపాల్సిన చిన్న వాల్వు దుమ్ముతో ఇరుక్కుపోయిందని, అందుకే సేఫ్టీ వాల్వు అరుస్తోందని చెప్పి, విప్పి శుభ్రం చేశారు. ఆయిలు గీత కన్నా తగ్గితే పోయాలని, పూర్తిగా నల్లబడితే మార్చాలని చూపించారు. తరువాత ఒక్క లాగుడుకే ఇంజన్ అందుకుంది. లారీ రెండు గంటలకల్లా కదిలింది. పండ్లు బాగానే చేరాయని మా ఆయన మద్రాసు నుంచి ఫోను చేయించాడు.

సంగటి ముందు కూర్చుని మీరు అన్న మాట షాపు గోడ మీద సుద్దముక్కతో రాసి పెట్టాను: "అది అరిస్తే అరవనీమ్మా. మనల్ని కాపాడేదానికే అరుస్తాండాది."

ఇట్లు,
నారాయణమ్మ

మరొక మాట: పోతూ పోతూ స్తంభం ఎక్కి మా కరెంటు వైరు కూడా కలిపి పోయారు. మదనపల్లెలో మిషన్లు అమ్మేవాళ్ళకు కరెంటు పని కూడా వస్తుందని అత్త వీధి వీధికీ చెప్పుకుంటోంది.


మదనపల్లె,
మే 27.

చెల్లెమ్మ నారాయణమ్మకు, మీ గోవిందస్వామి ఆశీస్సులు, దాంతో పాటు ఒక క్షమాపణ.

మీ ఉత్తరం ఓనరు గారు రెండుసార్లు చదివించుకున్నారు. ఇంత పనిమంతుణ్ణి పదేళ్ళుగా కుర్చీలో కూర్చోబెట్టానే అని నొచ్చుకున్నారు. వచ్చే నెల పదిన కుప్పంలో తెరిచే కొత్త షాపుకు నన్నే పెద్దను చేశారు. ఆ రోజు పదిమంది ముందర నేను కంప్రెసర్ నడిపి చూపించాలట. అప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

ఎందుకంటే, మీ షాపులో మిషను బాగు చేసింది నేను కాదు. నేను ఇంతవరకు ఏ కంప్రెసర్‌నూ ముట్టుకోలేదు. మీకు రాసినవన్నీ మిషనుతో వచ్చే ఇంగ్లీషు పుస్తకంలో చూసి రాసినవే. సంగటి కుండ ఒక్కటే నా సొంతం.

తంతి ఇచ్చి వెంటనే బస్సెక్కిన మాట నిజం. దారి పొడవునా ఆ పుస్తకంలో పేజీ బట్టీ పట్టాను. దిగేసరికి రోడ్డు అవతల జనం, ఇవతల నేల మీద ఖాకీ చొక్కా ఆయన. నేనూ జనంలో నిలబడ్డాను. మీ అత్త గారు నాకు మజ్జిగ గ్లాసు ఇచ్చి, "ఏమప్పా, పంచరా?" అని అడిగారు. ఆ కంగారులో అవునన్నాను. "కొంచేపు ఓర్సుకో. ఆడ ఉండాడే, ఆయప్పే మదనపల్లె గోవిందస్వామి. ప్రాణానికి తెగించి చేస్తాండాడు" అన్నారు. నా గురించి అంత మంచి మాట నేను ఎప్పుడూ వినలేదు. కాదని చెప్పకుండా మజ్జిగ తాగేశాను.

ఆయన వెళ్తుంటే వెంటబడి పలకరించాను. పేరు మునిరత్నం, కరెంటు ఆఫీసులో లైన్‌మ్యాన్. వైరు పీకేశారని టీ అంగడాయన చెబితే మందలించడానికి వచ్చాడట. అంతకు ముందు కుప్పం గ్రానైటు క్వారీల్లో ఎనిమిదేళ్ళు కంప్రెసర్లే నడిపాడట. పేరెందుకు చెప్పలేదని అడిగితే, "ఆయమ్మోళ్ళు చెప్పనిస్తే గదన్నా" అన్నాడు.

నిన్న ధైర్యం చేసి ఇదంతా ఓనరు గారికి చెప్పేశాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వి, "అట్లయితే తాడు లాగేది, రోజూ మిషను నడిపే ఆ పుంగనూరు ఆయమ్మ. కాగితం మీద రాసేది నువ్వు" అన్నారు. మీరు ఒప్పుకుంటే వారానికి ఒక రోజు కుప్పం వచ్చి, కొన్నవాళ్ళకు మిషను ఎలా నడపాలో, ఎలా చూసుకోవాలో మీరే నేర్పాలి. మీరు చెప్పింది నేను తెలుగులో పుస్తకంగా రాస్తాను. ఎర్ర గీత మొదటి పేజీలోనే ఉంటుంది.

తొమ్మిదో తేదీకే రండి. ముందు నాకు నేర్పాలి. చిన్నక్క గారిని కూడా తీసుకురండి.

ఇట్లు, ఈసారి నిజంగా,
గోవిందస్వామి

తా.క.: ఆ రోజు "గోవిందస్వామికి ఇంకో ముద్ద పెట్టు" అని మీ అత్త గారు గట్టిగా అంటుంటే, నేను రోడ్డు అవతలే ఉన్నాను. పొద్దున టిఫిను కూడా తినలేదు. నన్నే అనుకుని చెయ్యి చాపబోయి ఆగిపోయాను.