ఇరవై ఆరు గడపలు

ఉమాపల్కా కాపురస్థురాలిని, కీర్తిశేషుడు గ్రెగోరియో లైమే భార్యను, డెబ్బై ఆరేళ్ల బసిలియా తికోనా అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాసుకుంటున్న వీలునామా ఇది. ముసలిదానికి మతి చలించిందని రేపు ఎవరైనా అంటారేమోనన్న బెంగతో ఈ ఉదయం కోళ్లను మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ ఏడే వచ్చాయి. నా చదువు రెండో తరగతి. అక్షరాల తప్పులు బడి పంతులమ్మ దిద్దింది. మాటల జోలికి మాత్రం రావద్దన్నాను.

ఒకటి. కొండవాలున ఉన్న మా ఇల్లు, దాన్నంటిన బంగాళాదుంప చేను, పైన లామాల మంద మేసే బీడు, ఈ మూడూ నా కూతురు హుస్తినాకు చెందుతాయి. కొడుకు రోములోకు చెందవు. ‘చెందవు’ అన్న మాట కింద రెండు గీతలు గీశాను.

ఎందుకో చెప్పకపోతే వాడు కోర్టుకెక్కుతాడేమో. మా ఊళ్లో పెద్దరికం ఓట్లతో రాదు, చేనుతో వస్తుంది. మొత్తం ఇరవై ఏడు ఇళ్లు, ఇంటికో ఏడాది వంతు. వచ్చే జనవరి ఒకటిన వంతు మాది. చేను ఎవరిదైతే పెద్దరికపు గుర్తులు, మెడ మీంచి వేసుకునే ఎర్ర పోంచో, వెండి పొన్ను కర్ర వాళ్లవే. రోములో అప్పుడే పట్నంలో నల్ల కళ్లద్దాలు కొనుక్కున్నాడట, ఫోటోలకు!

రెండు. పెద్దరికం ఎలా చేయాలో మా ఆయన నోటితో చెప్పలేదు, చేసి చూపించాడు. తన వంతు వచ్చిన ఏడాదంతా పోంచో విప్పలేదు. ఊరంతా దాని కింద ఉంటుందని, విప్పితే జనానికి చలేస్తుందని మా నమ్మకం. దారిలో చిన్నపిల్ల ఎదురైనా ముందు తనే టోపీ తీసి పలకరించేవాడు. అందరూ మాట్లాడాక మాట్లాడేవాడు, అందరూ తిన్నాక తినేవాడు. కాలవ నీళ్ల కోసం అన్నదమ్ములిద్దరు తన్నుకుంటే తీర్పు చెప్పలేదు. పార పట్టుకుని కాలవలోకి దిగి పూడిక తీయసాగాడు. మధ్యాహ్నానికి వాళ్లే సిగ్గుపడి చెరో పక్కా దిగారు. ఆ ఏడాదంతా ఆయన పక్కన నడిచింది నేను. మా దగ్గర పెద్దరికం జంటది. ఆయన పేరు తలుచుకునేవాళ్లకు నా పేరు గుర్తుండదు. పోనీలే. కాదు, పోనివ్వను, అది కూడా రాస్తున్నాను.

మూడు. పెద్దరికానికి ముందు ప్రతి ఇంటి తరఫునా ఒకరు ఒక ఏడాది చేలకు కాపలా కాయాలి. విత్తనం పడింది మొదలు దుంప తవ్వేదాకా ఊరు దాటకూడదు. వడగళ్ల మబ్బు కనబడగానే కొండెక్కి పొగ వేయాలి, వడిసెల తిప్పాలి, కేకలేయాలి. రెండేళ్ల కిందట ఆ వంతు రోములోది. ఫిబ్రవరి రెండున, కందెలారియా పండుగనాడు, ప్రతి ఇల్లూ తన చేనుకు పూలు పెట్టే రోజున, వీడు పట్నం ఊరేగింపులో ముందు వరసలో నడవడానికి పోయాడు! మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఫోను చేశాడు. “అమ్మా, నువ్వు కంగారుపడకు. నలుగురిని కొండెక్కించు. ఏం చేయాలో ఇక్కణ్నుంచి నేను చెబుతుంటాగా!”

ఫోను చెవికే పెట్టుకున్నాను. రేకుల మీద వడగళ్ల మోతకు వాడి మాట ఒక్కటీ వినపడలేదు. అరగంటలో ఊరి చేలన్నీ నుజ్జయ్యాయి. వారం తర్వాత వచ్చి, “వడగళ్లు నేను కురిపించానా ఏంటి?” అన్నాడు. కురిపించలేదురా. వడగళ్లను ఏ మనిషీ ఆపలేడని ఊరికి తెలియదా? కొండ మీద నువ్వు తడుస్తూ నిలబడి ఉంటే ఎవరూ నిన్ను పల్లెత్తు మాట అనేవారు కాదు.

అలా కాపలా తప్పి పంట పోతే కాపలా మనిషి ఇంటింటికీ మోకాళ్ల మీద వెళ్లి క్షమించమని అడగాలి. వాడు మర్నాడే బస్సెక్కాడు. నేను వెళ్లాను, మా ఇల్లు పోను ఇరవై ఆరు గడపలకు. ఆఖరిది యుసేబియా కీస్పే ఇల్లు. గొర్రెపిల్ల తగువుతో పదకొండేళ్లుగా నాతో మాట్లాడని మనిషి. తలుపు తీసి, “లేవవే బసిలియా. నీ మోకాళ్లు మాకెందుకు? నీ కొడుకువి ఏవే?” అంది. రెక్క పట్టి లేపి, వేడి పులుసు పోసింది. ఆ గొర్రెపిల్ల నాదేనని ఇప్పటికీ అంటాను.

నాలుగు. కాబట్టి చేనుతో పాటు వచ్చే ఏటి పెద్దరికం హుస్తినాది. పెళ్లికాని పిల్ల సగం మనిషని సభలో గొణుగుతారు. జంటగా అన్నను పక్కన నిలబెట్టుకోవచ్చని మన ఆచారమే చెబుతోంది. అయితే రోములో ఆ ఇరవై ఆరు గడపలూ మోకాళ్ల మీద తిరిగాకే నిలబడాలి. తిరగనంటే, వాళ్ల నాన్న టోపీని పక్క కుర్చీలో పెట్టుకుని హుస్తినా ఒక్కతే చేయాలి. ఈ వీలునామా అమలు బాధ్యత యుసేబియాకు అప్పగిస్తున్నాను. నా మీద ప్రేమతో అబద్ధమాడుతుందన్న భయం ఆమెతో లేదు.

హుస్తినా, నమలడానికి పంచే కోకా ఆకుల సంచి నిండుగా ఉంచుకో, ఎదుటివాళ్లు అడగకముందే అందించు. గొంతుకు గుడ్డ చుట్టుకో, నీకసలే దగ్గు. పొయ్యి ఆరిందో లేదో చూడకుండా సభకు పోకు.

ఐదు. కోళ్లు పంతులమ్మకు. కుంటిదాన్ని కోయకూడదు.

ఆరు. రోములోకు, ఆ రోజు నేను కట్టుకున్న ఉన్ని పావడా. మోకాళ్ల దగ్గర చిరిగిపోయింది. చిరిగినంత మేర కత్తిరించి, మిగిలిన గుడ్డకు లోపల గొర్రెతోలు వేసి రెండు మోకాలి పట్టీలు కుట్టాను. పెట్టె అడుగున ఉన్నాయి. యుసేబియా గడప ముందు రాళ్లు ఎక్కువరా, తాళ్లు గట్టిగా బిగించుకో. కొలత సరిపోదని వంక పెట్టకు. పోయినసారి వచ్చినప్పుడు నువ్వు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే తాడుతో కొలిచాను.

2016 సెప్టెంబరు 11, ఆదివారం, ఉమాపల్కా.

బసిలియా తికోనా
(వంకరగా ఉన్నా సంతకం నాదే)

సాక్షులు:
డెల్మీరా ఆపాసా, బడి పంతులమ్మ
సెనోవియా ఉచానీ, మంత్రసాని