రొట్టె మీద అభాండం

ఏలూరు,
మంగళవారం.

అత్తయ్య గారికి,

ముందు మంచి కబురు, వందనాలు తరవాత. మీ రొట్టె ఏ పాపమూ ఎరగదు!

రక్తంలో ఈస్ట్ చేరడం వల్లే మీకు జ్వరమని డాక్టరు గారు అన్నారో లేదో, చర్చిలో ప్రభువు బల్లకి మీరు కాల్చే రొట్టెలోని ఈస్టే లోపలికి పోయిందని మీరు తీర్మానించేశారు. ఓవెన్ అటకెక్కించారు. పైగా పులిసిన పిండి డబ్బాలో పెట్టి, పరీక్ష చెయ్యమని కైకలూరు బస్సులో మా ల్యాబుకి పంపారు. అది దారిలో పొంగి కండక్టరు గారి సంచి నిండా పాకింది. ఆయన నన్నేమన్నారో మీకు రాయను.

అయినా పరీక్ష చేశామండి. మైక్రోస్కోపులో మీ పిండిలోదీ, మీ రక్తంలోదీ రెండు ఈస్టులూ గుండ్రంగా ఒకేలా కనిపించాయి. అందుకే రెండింటి జన్యువుల్లో ఒకే భాగాన్ని పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదివాం. ఇంటిపేరు కలిసినవాళ్లంతా చుట్టాలు కానట్టే, ఇవీ వేరు వేరు జాతులు. మీ ఒంట్లోది ఏ జాతో అలా తేలాకే కదా, డాక్టరు గారు మందు మార్చింది, మీకు జ్వరం దిగింది!

మొన్న పాస్టరు గారు బేకరీ రొట్టె తెచ్చి, ప్రార్థన చేస్తూనే అందులోంచి టూటీ ఫ్రూటీలు ఏరారట. షారోన్ వదిన ఫోనులో ఒకటే నవ్వు.

ఇక ఓవెన్ దించండి. ఆదివారం మొదటి బస్సుకే వస్తాను. ఎవరైనా జంకితే మొదటి ముక్క నాకే ఇమ్మనండి. ఆ పిండిని అక్షరాలదాకా చదివినదాన్ని, నాకేం భయమండీ?

మీ మేనకోడలు