పెరటాసి శనివారం మాత్ర

సెల్లమ్మక్కకు గుడియాత్తం నుంచి పంకజం నమస్కారం. ఫోనులో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను, ఇక్కడ మీ మరిది మీద గెలుపు నాదే! పెరటాసి నెల మొదటి రెండు శనివారాలూ పెరుమాళ్ళకని ఉపవాసముండి, మీ మరిది పొద్దున్నే వాంతులు చేసుకున్నాడు. "పెరుమాళ్ళకి కోపమొచ్చినాది, పళ్ళికొండ గుడికి పొయ్యి గుండు కొట్టించుకుంటా" అని ఒకటే పట్టు. నా అనుమానమంతా జలుబు రాకూడదని ఆయన మింగే రెండు రకాల మాత్రల మీదే. ఆ రెండు అట్టలూ పట్టుకుని వేలూరు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మన తెలుగావిడే. "ఉపాసముండి జింకు మాత్ర మింగితే కడుపు తిప్పకుండా ఉంటాదా అమ్మా? అన్నం తిన్నాక ఏసుకోమను. ఈ విటమిన్ సి మాత్రలో కూడా జింకు ఉండాది, రెండూ వద్దు, ఇదొకటే చాలు" అంది. మిగతా రోజుల్లో ఆయన టిఫిను తిన్నాకే మింగుతాడు మరి!

నిన్న మూడో శనివారం. పూజయ్యాక, భోజనం చేశాక, ఒక్క మాత్రే ఇచ్చాను. వికారమన్న మాటే లేదు. సాయంత్రం అంగడిలో అందరి ముందూ "మా ఇంటామె కనిపెట్టినాది" అని ఒప్పుకున్నాడక్కా!

బావకు కిడ్నీలో రాళ్ళు వచ్చాయి కదా, డాక్టరును అడక్కుండా విటమిన్ సి మాత్రలు కొననివ్వకు. వేరుశనగ పీకారా? నాకు రెండు పడుల కాయలు కొలిచి పంపు. బావకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. మీ మరిది నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకలూ నా పుణ్యమేనని అక్కడ అందరికీ చెప్పు.