వ్రతం రోజు ఇంక్యుబేటర్

ఆదివారం, హెర్న్‌డన్

ఒళ్లు మండిపోతోంది. సత్యనారాయణ వ్రతం జరిగే ఇంట్లో గుడ్లు ఉండకూడదని, మా ఆయన, మా అమ్మాయి సింధు స్కూల్ ప్రాజెక్ట్ కోసం గుడ్లు పొదిగే ఇంక్యుబేటర్ ప్లగ్ పీకేసి చలి గరాజ్‌లో పెట్టారు. లోపల గుడ్లలో పన్నెండు రోజులుగా పెరుగుతున్న కోడిపిల్లలు. నిన్ననే సింధు గుడ్డుకు టార్చ్ ఆనించి, "అమ్మా, యోక్‌లో ప్రోటీన్స్ కాల్షియంని హోల్డ్ చేస్తాయి. దాంతో కూడా బేబీకి బోన్స్ వస్తాయి, తెలుసా" అంది. ఇవాళ సాయంత్రం టార్చ్ వేస్తే లోపల ఏదీ కదల్లేదు. సింధు ప్రసాదం ముట్టలేదు.

"గుడ్లే కదా, మళ్లీ తెద్దాం" అన్నారు ఈయన. సింధు ఎదుటే ఆయన మీద అరిచాను.

మధ్యాహ్నం కుర్చీల కోసం గరాజ్‌లోకి వెళ్లినప్పుడు ఆ పెట్టెను చూశాను. కథ అయ్యాక లోపలికి తెద్దాంలే అనుకుని తలుపు వేసేశాను.