బొంతకు నాలుగు మూలలు

సరోజా,

నీ బొంత పూర్తయిందే! నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళే మన కరుణ దానికి నాలుగు మూలలూ వేసేసింది. మన భాలుబాసా బస్తీనంతా పిలిచి చూపించాలని ఉంది నాకు!

గళ్లన్నీ వజ్రాల్లా ఏటవాలుగా నిలబెట్టి కుట్టావు కదా. మూలల్లో త్రికోణాలు వేసినప్పుడల్లా అంచు సాగి మేకచెవిలా వేలాడేది. మూడుసార్లు విప్పావు. చివరికి అలాగే పెట్టెలో పెట్టేశావు.

కరుణ ఆ అంచుని లాగి చూసి, "అమ్మ కుట్టు తప్పు కాదు నానా, కత్తిరింపు తప్పు. గుడ్డ కలిసొత్తాదని ఒక్క చదరం ముక్కనే మూలమూలకీ కోసి నాలుగు చేసీసింది. ఏటవాలు కోత బయటంచుకి వచ్చీసింది, అందుకే సాగిపోతంది. రెండు ముక్కలు తీసి, ఒక్కోటీ రెండే చెయ్యాల" అంది. ఫ్యాక్టరీలో ఎన్నో రేకులు కోసినవాణ్ణి, నాకే తట్టలేదు సుమా!

నీ పచ్చచీరలో ఒక్క ముక్కే మిగిలింది.

"రెండోదానికి ఏటి చేత్తావే?" అన్నాను.

నా పాత ఖాకీ డ్యూటీ చొక్కా పట్టుకొచ్చి, "ఇది చలేగా నానా, పనికొత్తాదా?" అంటూనే కత్తెర పెట్టేసింది!

మంచం మీద పరిచింది. నాలుగు మూలలూ గీత గీసినట్టు చదునుగా ఉన్నాయి. గోడవైపు రెండూ నీ చీరవి, గుమ్మంవైపు రెండూ నా చొక్కావి. మనం ఎవరు ఎటు పడుకునేవాళ్లమో పిల్లకి గుర్తుంది, సరోజా.

నీ
అప్పారావు