నాలుగు సంఘాల బొంత

మార్తమ్మక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదు. అయినా నా కోపం నీతో కాక ఎవరితో చెప్పుకోను?

నిన్న నాలుగు ఊళ్ల సంఘాలు కోయిలకుంట్ల దగ్గరి మన మిషను గుడిలో కూడాయి. మాలగేరి చాపలు ముందర, మాదిగగేరి చాపలు వాకిలి దగ్గర వేయమన్నారు పెద్దలు. పాదిరి దొరగారు విననట్టే ఊరుకున్నారు. మాలగేరి నువ్వు, మాదిగగేరి నేను ఒకే ముంత నీళ్లు తాగుతూ ఈ ఊళ్లలో వాక్యం చెప్పింది ఇందుకేనా?

చాపలన్నీ బయట పారేశాను. రెండు గేరుల ఆడవాళ్లం పాత చీరలతో కుట్టిన పెద్ద బొంతను గోడ నుంచి గోడకు పరిచాను.

సంఘ పెద్ద నీ తమ్ముడే కదా, గడపలోనే నిలబడి అరిచాడు. "మా చాప యాడ?"

"మీ గేరి పేలిక ఏదో ఎతుక్కోప్పా, దాని మీదనే కూచో," అన్నాను.

ఒంగి వెతికి, నీ పచ్చ చీర ముక్కను గుర్తుపట్టి, దాని మీద బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు.

చిన్న ముక్కక్కా అది. వాడి మోకాళ్లు రెండూ పక్కనున్న నా చీర ముక్క మీదే ఉన్నాయి.